హంతకుడు గుర్తుండడు, డిటెక్టివ్ గుర్తుంటాడు

కొమ్మూరి సాంబశివరావు నవలలు చదువుతూ పెరిగిన తరంలో ఎవరిని అడిగినా డిటెక్టివ్ యుగంధర్ పేరు తడుముకోకుండా చెబుతారు. అసిస్టెంట్ రాజు పేరూ వెంటనే వస్తుంది. ఫలానా నవలలో హత్య ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. బస్టాండు కొట్లోనో అద్దె పుస్తకాల షాపులోనో తెచ్చుకుని, అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, చివరి పేజీ దాకా ఊపిరి బిగబట్టి చదివిన పుస్తకమే అది. ఏ ఒక్క సంగతి తెలుసుకోవడానికి అంత ఆత్రపడ్డారో, సరిగ్గా ఆ సంగతే మరిచిపోయారు.

ఇది తెలుగు పాఠకులకే పరిమితమైన మతిమరుపు కాదు. బెంగాల్‌లో బ్యోమకేశ్ బక్షీ, ఫెలూదా అభిమానులదీ, ఉర్దూలో ఇబ్న్-ఎ-సఫీ సృష్టించిన కర్నల్ ఫరీదీ అభిమానులదీ, ఇంగ్లీషులో షెర్లాక్ హోమ్స్, హెర్క్యూల్ పొయిరో అభిమానులదీ ఇదే పరిస్థితి. అపరాధ పరిశోధన నవల ఒక ప్రశ్నతో మొదలై జవాబుతో ముగుస్తుంది. ఆ లెక్కన జవాబు తెలిసిన మరుక్షణం దాని పని అయిపోవాలి. కానీ అదే డిటెక్టివ్‌తో పదులకొద్దీ పుస్తకాలు వస్తాయి, పాఠకులు వాటిని మళ్లీ మళ్లీ చదువుతారు. ఎందుకు? మనస్తత్వ శాస్త్రవేత్తలూ మెదడును పరిశీలించే శాస్త్రవేత్తలూ దీనికి కొన్ని జవాబులు ఇచ్చారు. వాటిలో కొన్ని గట్టివి, కొన్ని ఇంకా తేలవలసినవి.

కుతూహలానికి ఆయుష్షు తక్కువ

ముందుగా ప్రశ్న సంగతి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో కుతూహలానికి ఒక సరళమైన వివరణ ఇచ్చారు. మనకు తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడు మనసుకు ఒక రకమైన దురద పుడుతుంది. అసలేమీ తెలియని విషయం మీద అంత దురద ఉండదు. కొంత తెలిసి, ఇంకొంచెంలో మొత్తం తెలిసిపోతుందనిపించినప్పుడే అది భరించరానిదవుతుంది. డిటెక్టివ్ రచయిత చేసేది అదే. మొదట ఏడుగురు అనుమానితులు, తర్వాత నలుగురు, ఆ తర్వాత ఇద్దరు. ఖాళీని తగ్గిస్తూ పోతాడు గాని పూడ్చడు.

2009లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు కొందరిని ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి, క్విజ్‌లో అడిగేలాంటి ప్రశ్నలు చూపించారు. జవాబు తెలుసుకోవాలని ఎంత ఆత్రపడితే, మెదడులో కాడేట్ అనే భాగం అంత చురుగ్గా పనిచేసింది. ఏదైనా బహుమతి రాబోతోందని ఎదురుచూసేటప్పుడు చురుకయ్యే భాగాల్లో అదొకటి. 2014లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేలోపు, దానితో ఏ సంబంధమూ లేని ముఖాల ఫొటోలు చూపించారు. కుతూహలం ఎక్కువగా ఉన్న సమయంలో చూసిన ముఖాలు తర్వాత బాగా గుర్తున్నాయి.

ఫొటోలతో చేసిన ప్రయోగాన్ని తీసుకొచ్చి నవలకు అంటించడం కుదరదు. అయినా ఆలోచన మాత్రం ఆకర్షణీయంగానే ఉంది. హంతకుడి పేరు కోసం ఎదురుచూస్తున్న రెండు వందల పేజీల్లో పాఠకుడి కళ్ల ముందు తిరిగేదెవరు? డిటెక్టివ్ గది, అతని సిగరెట్టు, అసిస్టెంటు విసుగు, ఇన్‌స్పెక్టర్ గద్దింపు. జవాబు అందగానే దురద తీరిపోతుంది. ఎదురుచూస్తున్నంతసేపూ పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం మనసులో ఉండిపోతారు.

ముగింపు ముందే తెలిస్తే ఆనందం పోతుందా అన్నది మరో ప్రశ్న. శాన్ డీగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ లీవిట్, నికలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 12 కథలతో ప్రయోగం చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో అపరాధ పరిశోధన కథలూ ఉన్నాయి. ముగింపు ముందే తెలిసినవాళ్లు కథను కొంచెం ఎక్కువే ఇష్టపడ్డారని తేలడంతో పత్రికలు పండగ చేసుకున్నాయి. 2015లో వేరే పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఫలితం తిరగబడింది. ముగింపు తెలిసినవాళ్ల ఆనందం తగ్గింది. పాఠకుడి స్వభావాన్ని బట్టి కూడా ఇది మారవచ్చు. 2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు తాము అనుమానించినవాడే హంతకుడైతే ఎక్కువ సంతోషించారు. నమ్మకం ఎక్కువున్నవాళ్లకు అనుకోని మలుపు నచ్చింది. చర్చ ఇంకా తెగలేదు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న ఒక్కటే సిరీస్ నవలలను మోయడం లేదు.

బేకర్ స్ట్రీట్‌కు ఉత్తరాలు

వృత్తిరీత్యా డాక్టరైన ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్స్‌ను లోకానికి పరిచయం చేశారు. 1893 నాటికి ఆయనకు హోమ్స్ అంటే విసుగొచ్చింది. చారిత్రక నవలలు రాసుకోవాలన్నది ఆయన కోరిక. ఆ డిసెంబరులో వచ్చిన కథలో హోమ్స్‌ను స్విట్జర్లాండ్ జలపాతంలో పడేశారు. పాఠకులు గొడవ చేశారు. లండన్ యువకులు నల్ల గుడ్డలు కట్టుకుని తిరిగారని ఇప్పటికీ రాస్తుంటారు గాని దానికి ఆనాటి ఆధారాలు బలంగా లేవు. బలంగా ఉన్న ఆధారం వేరే ఉంది. డాయిల్ తన మాట మీద నిలబడలేకపోయారు. 1903లో హోమ్స్ బతికే ఉన్నాడని రాయవలసి వచ్చింది. మొత్తం 4 నవలలు, 56 కథలయ్యేదాకా అతను ఆయనను వదల్లేదు.

1930ల్లో లండన్ బేకర్ స్ట్రీట్‌లో హోమ్స్ ఇంటి నంబరు 221 ఒక ఆర్థిక సంస్థ భవనం కిందికి వచ్చింది. హోమ్స్ పేరిట అక్కడికి ఎన్ని ఉత్తరాలు వచ్చేవంటే, జవాబులు రాయడానికి ఆ సంస్థ ప్రత్యేకంగా ఒక ఉద్యోగిని పెట్టుకుంది. 1975 ఆగస్టు 6న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో హెర్క్యూల్ పొయిరో మరణవార్త వేసింది. లేని మనిషికి సంస్మరణ.

ఇలాంటి బంధానికి 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ పారాసోషల్ అని పేరు పెట్టారు. ఏకపక్ష స్నేహం అనుకోవచ్చు. వాళ్లు గమనించింది అప్పుడే ఇళ్లలోకి వస్తున్న టీవీ వ్యాఖ్యాతలను. మనకు వాళ్ల గురించి అన్నీ తెలుసు, వాళ్లకు మన పేరు కూడా తెలియదు. అయినా మనసు దాన్ని పరిచయంగానే లెక్కవేస్తుంది. అసలు స్నేహం ఎలా పెరుగుతుందో ఇదీ అలాగే పెరుగుతుంది. పదేపదే కలవడం వల్ల, అవతలి మనిషి ఏ సందర్భంలో ఏం చేస్తాడో ముందే ఊహించగలగడం వల్ల. ఒంటరి నవలలో పాత్రతో పరిచయం ఒక రైలు ప్రయాణం లాంటిది. సిరీస్‌లో అదే మనిషి ఏడాదికి రెండుసార్లు తలుపు తడతాడు.

2009లో అమెరికాలో జే డెరిక్, షీరా గాబ్రియెల్, కర్ట్ హ్యూగెన్‌బర్గ్ చేసిన అధ్యయనాల్లో, సొంతవాళ్లతో గొడవను తలుచుకుని నొచ్చుకున్నవాళ్లు తమకిష్టమైన టీవీ కార్యక్రమం గురించి రాసినప్పుడు ఆ నొప్పి కొంత తగ్గింది. టీవీలో ఏదో ఒకటి చూడటం గురించి రాస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఇవి టీవీ మీద చేసిన అధ్యయనాలన్నది గుర్తుంచుకోవాలి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 2021లో, 2023లో వచ్చిన మెదడు అధ్యయనాలు గేమ్ ఆఫ్ థ్రోన్స్ అభిమానుల మీద చేసినవి. పాత్రలతో మమేకమయ్యే స్వభావం ఎక్కువున్నవాళ్లు ఆ పాత్ర గురించి ఆలోచించేటప్పుడు, మెదడు ముందుభాగంలో తమ గురించి ఆలోచించేటప్పటి తీరే ఎక్కువగా కనిపించింది. ఒంటరితనం ఎక్కువున్నవాళ్లలో నిజమైన స్నేహితులకూ కల్పిత పాత్రలకూ మధ్య గీత మసకబారింది. పాల్గొన్నవాళ్లు 20 మంది కూడా లేరు కాబట్టి దీన్ని సిద్ధాంతంగా మార్చకూడదు. పైగా ఒంటరితనం వల్ల గీత మసకబారిందా, మసకబారడం వల్ల ఒంటరితనం పెరిగిందా అన్నది ఇలాంటి అధ్యయనం చెప్పలేదు.

రచయితల సంగతీ ఇలాంటిదే. ఎడిన్‌బరో పుస్తకోత్సవానికి వచ్చిన 181 మంది రచయితలను డరమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రశ్నించి 2020లో ఫలితాలు ప్రచురించారు. తమ పాత్రల గొంతు తమకు వినిపిస్తుందని 63 శాతం మంది చెప్పారు. డాయిల్ ఎందుకు అంత విసిగిపోయారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

పెళ్లి చేసుకున్న డిటెక్టివ్

పాత్రను నిలబెట్టే విషయంలో సిరీస్ రచయితలకు రెండు దారులున్నాయి. కాలాన్ని ఆపేయడం ఒకటి. అగథా క్రిస్టీ అదే చేశారు. 1920 నాటి మొదటి నవలకే పొయిరో బెల్జియం పోలీసు శాఖలో రిటైరైన మనిషి. 1975లో అచ్చయిన చివరి నవల దాకా లెక్కేస్తే అతనికి నూరేళ్లు ఎప్పుడో దాటాలి. పాఠకులెవరూ వయసు సర్టిఫికెట్ అడగలేదు.

రెండో దారి శరదిందు బందోపాధ్యాయది. ఆయన 1932లో మొదలుపెట్టిన బ్యోమకేశ్ బక్షీని కాలంలో వదిలేశారు. డిటెక్టివ్ అనిపించుకోవడం బ్యోమకేశ్‌కు ఇష్టం ఉండదు. తనను సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. కలకత్తా హారిసన్ రోడ్డులో స్నేహితుడు అజిత్‌తో కలిసి కాపురం. ఒక కేసులో అనుమానితుడి చెల్లెలు సత్యవతిని చూసి మనసు పడి పెళ్లాడతాడు. హోమ్స్ కలలో కూడా చెయ్యని పని అది. తర్వాత కొడుకు పుడతాడు. ఇంట్లో భార్య కోపాలుంటాయి, అజిత్‌తో దెప్పిపొడుపులుంటాయి, డబ్బు లెక్కలుంటాయి. శరదిందు సినిమాలకు కథలు రాయడానికి బొంబాయి వెళ్లిపోవడంతో సుమారు 15 ఏళ్లు బ్యోమకేశ్ మాయమయ్యాడు. 1951లో తిరిగొచ్చేసరికి దేశం మారిపోయింది. ఒక నవలలో స్వాతంత్ర్యానికి ముందటి కలకత్తా అల్లర్ల నీడలోనే నేరం నడుస్తుంది. చివరి కొన్ని కథల్లో అజిత్ చేతి నుంచి కథ చెప్పే పని కూడా తీసేశారు.

ఈ రెండో దారే పాఠకులను గట్టిగా కట్టేస్తుందని అనిపిస్తుంది. కేసు ముగుస్తుంది, సంసారం ముగియదు. ఒక్కో కథలో నేరం గురించిన ఖాళీ పూడిపోయినా ఈ మనుషుల గురించిన ఖాళీ తెరిచే ఉంటుంది. 1993లో బాసూ చటర్జీ తీసిన సీరియల్ దూరదర్శన్‌లో వచ్చినప్పుడు, బెంగాలీ ఒక్క ముక్క రాని ఇళ్లలో కూడా రజిత్ కపూర్ ముఖమే బ్యోమకేశ్ ముఖమైపోయింది.

పాత్ర మీద పాఠకుల హక్కు ఎంత గట్టిదో ఉర్దూలో ఇబ్న్-ఎ-సఫీ అనుభవం చెబుతుంది. 1952లో అలహాబాద్ నుంచి మొదలైన ఆయన జాసూసీ దునియా 1960ల మొదట్లో రచయిత మానసిక అనారోగ్యంతో మూడేళ్లు ఆగిపోయింది. ఆ ఖాళీలో ఆయన పేరును పోలిన పేర్లతో నకిలీ రచయితలు పుట్టుకొచ్చి ఆయన పాత్రలతోనే నవలలు అమ్ముకున్నారు. రచయిత లేకపోయినా పాత్రలకు గిరాకీ పోలేదు.

పొగను చూసి నిప్పును

మనం ‘అనుమానం’ అనే మాటను సందేహం అనే అర్థంలో వాడతాం. న్యాయదర్శనంలో అది జ్ఞానాన్నిచ్చే ప్రమాణం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. అందులో శేషవత్ అనే రకం ఫలితాన్ని చూసి కారణాన్ని పట్టుకుంటుంది. నది పొంగింది కాబట్టి ఎగువన వాన పడింది. డిటెక్టివ్ చేసే పనికి ఇంతకంటే మంచి పేరు దొరకదు. హోమ్స్ తన పద్ధతిని డిడక్షన్ అంటాడు గాని తర్కశాస్త్రం లెక్కలో అది సరికాదు. దొరికిన ఆనవాళ్లకు బాగా అతికే కారణాన్ని ఊహించే ఈ పద్ధతిని అమెరికన్ తాత్వికుడు చార్ల్స్ పర్స్ అబ్డక్షన్ అన్నారు. వైద్యుడు జబ్బును గుర్తించేది కూడా ఇలాగే. ఎడిన్‌బరోలో డాయిల్‌కు పాఠాలు చెప్పిన డాక్టర్ జోసెఫ్ బెల్ రోగిని చూసీ చూడగానే వృత్తిని, అలవాట్లను చెప్పేవారు. హోమ్స్‌కు మూలం ఆయనే.

ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం న్యాయసూత్రాలకు తెలుసు. ఎక్కడో అడ్డుకట్ట పడినా నది పొంగుతుంది కదా అన్న ఆక్షేపణ అందులోనే ఉంది. వాన వరద వేరు, దాని వేగం వేరు, నురగా ఆకులూ కట్టెలూ కొట్టుకొస్తాయి, ఆ తేడా చూడాలి అని వాత్స్యాయనుడి భాష్యం జవాబిస్తుంది. డిటెక్టివ్ నవలలో ఈ రెండో పరిశీలన చాలాసార్లు ఉండదు. హోమ్స్ చెప్పాడు కాబట్టి మనం ఒప్పుకుంటాం.

ఎందుకు ఒప్పుకుంటామో 2000లో మెలనీ గ్రీన్, టిమొతీ బ్రాక్ చేసిన ప్రయోగాలు కొంత చెబుతాయి. ఒక కథ ఇచ్చి, అందులో అబద్ధంగా, పొసగనట్టుగా అనిపించిన చోట్ల గుర్తు పెట్టమన్నారు. కథలో బాగా లీనమైనవాళ్లు తక్కువ గుర్తులు పెట్టారు. కథకు అనుగుణంగా వాళ్ల అభిప్రాయాలు కూడా కొంత మారాయి. పాత్ర మీద ప్రేమ పెరిగేకొద్దీ పాఠకుడిలోని సత్యాన్వేషి నిద్రపోతాడన్నమాట. పాఠకుడికంటే ఒక మెట్టు తక్కువ తెలివున్న స్నేహితుడిని పక్కన పెట్టాలని 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసిన రోనల్డ్ నాక్స్ చెప్పారు. వాట్సన్ తెల్లబోతుంటే మనకు ధైర్యం. మనమూ తెల్లబోయిన సంగతి మరిచిపోతాం.

ఇది వినోదంతో ఆగిపోతే ఇబ్బంది లేదు. అపరాధ పరిశోధన కథలకూ నేర పరిశోధన శాస్త్రానికీ మొదటినుంచీ రాకపోకలున్నాయి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రపంచమంతా పాకిన వర్గీకరణ వెనుక అక్కడి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషి ఉంది. ఆరేళ్లకే హోమ్స్ కథలో నెత్తుటి బొటనవేలి ముద్ర కీలకమైంది. ఆ కథలో ఆ ముద్ర దొంగ సాక్ష్యమని కూడా డాయిల్ రాశారు. ఇది ఆయన గొప్పతనం. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పోలీసు ప్రయోగశాల పెట్టిన ఎడ్మండ్ లొకార్డ్ హోమ్స్ కథల అభిమాని. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసిన క్రిస్టీ విషాల గురించి రాసింది ఎంత కచ్చితంగా ఉండేదంటే, 1977లో లండన్‌లో ఒక పసిబిడ్డకు అంతుపట్టని జబ్బు చేసినప్పుడు ఆమె నవల చదువుతున్న నర్సు అది థాలియం విషమని గుర్తుపట్టింది. బిడ్డ బతికింది.

అయితే నవలలోని డిటెక్టివ్ ఎప్పుడూ తప్పు చెయ్యడు. ప్రయోగశాల చేస్తుంది. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు ఒక వేలిముద్రను ఒరెగాన్‌లోని లాయరుదిగా తేల్చారు. రెండు వారాలు ఆయన నిర్బంధంలో ఉన్నాక అది వేరే మనిషిదని స్పెయిన్ పోలీసులు తేల్చారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. నదికి అడ్డుకట్ట పడిన సందర్భం ఇది.

చదవడం వల్ల మనుషులను అర్థం చేసుకునే శక్తి పెరుగుతుందన్న వాదనకూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. సాహిత్య విలువ ఉన్న కథలు కొద్దిసేపు చదివినా ఎదుటివారి మనోభావాలు గుర్తించే శక్తి పెరుగుతుందనీ, జనాదరణ పొందిన నవలలకు ఆ గుణం లేదనీ 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం పెద్ద సంచలనం. తర్వాత ఇతరులు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లను చిన్నచూపు చూడటానికి సైన్స్ సాయం దొరకలేదన్నమాట.

చివరి కేసు

ఇష్టమైన పాత్రతో సంబంధం తెగిపోతే ఏమవుతుందన్నదీ పరిశోధకులు చూశారు. 2004లో అమెరికా టీవీ సిరీస్ ఫ్రెండ్స్ ముగిసినప్పుడు కెరెన్ ఎయాల్, జొనాథన్ కోహెన్ ప్రేక్షకులను ప్రశ్నించారు. నిజ జీవితంలో విడిపోయినప్పటికంటే తక్కువే అయినా బాధ ఉంది. పాత్రతో బంధం ఎంత గట్టిదైతే, చూసేవారు ఎంత ఒంటరివారైతే అది అంత ఎక్కువగా ఉంది.

క్రిస్టీ దీనికి ముందే సిద్ధపడ్డారు. పొయిరో చివరి నవలను రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే రాసి దాచిపెట్టారు. శరదిందు అలా దాచిపెట్టలేదు. 1970లో ఆయన మరణించేనాటికి బ్యోమకేశ్ కథలు 32 పూర్తయ్యాయి. 33వది ‘విశుపాల్ వధ’. అందులో ఒక నటుడు చనిపోతాడు, బ్యోమకేశ్ ప్రశ్నలు మొదలుపెడతాడు, కథ అక్కడితో ఆగిపోతుంది. బ్యోమకేశ్ సమగ్ర సంకలనాల్లో అది ఇప్పటికీ అలాగే, సగంలో అచ్చవుతోంది. హంతకుడు ఎవరో రచయిత చెప్పలేదు. బెంగాలీ పాఠకులు దాన్ని చదువుతూనే ఉన్నారు.